మడమ వెనక పేరు

ఈ సంగతి జరిగింది 1961లో. అప్పుడే రాసి ఉంటే ఇంకా బాగా గుర్తుండేది. కానీ అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మాది మనుబోలు దగ్గర పల్లె. మా ఇంటికి ఒక్కటే పలక, అది తమ్ముడిది. బడి తెరిచే రోజులూ నాట్లు పడే రోజులూ ఒకటే కావడంతో వాడు పలక పట్టుకుని బడికి, నేను నారు కట్ట పట్టుకుని మడిలోకి పోయేవాళ్లం. దాని గురించి నాకు ఎవరి మీదా కోపం లేదు. మా వీధి ఆడపిల్లలందరం మడిలోనే ఉండేవాళ్లం కనుక, బడి అనేది మగపిల్లలు చేసే పని కాబోలు అనుకున్నాను. నలభై దగ్గరపడ్డాక వయోజన విద్య క్లాసులో ‘అ’ దిద్దాను. ఆ క్లాసు మాట చివర్లో చెబుతాను.

పెళ్లయి ముత్తుకూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లెకు వచ్చాను. బురదలో పెరిగిన కాళ్లకు ఇసుకలో నడక రావడానికే చాలా కాలం పట్టింది. ఊరికీ సముద్రానికీ మధ్య తాటిచెట్టంత ఎత్తున ఇసుక దిబ్బలు. కొత్తగా చూసేవాళ్లు దిబ్బ అంటే ఉన్నచోట ఉండేదనుకుంటారు. అది నడుస్తుంది. వేసవిలో సముద్రపు గాలి పై పొరను లేపి అవతలి వాలులో పోస్తూ ఉంటుంది. అలా దిబ్బ దిబ్బంతా మెల్లగా ఊరి మీదికి వస్తుంది. మా మామగారి కాలంలో గొర్రెల దొడ్డి ఉన్నచోట, నేను వచ్చేసరికి గుంజల కొనలు మాత్రమే కనిపించేవి. ఆ ఇసుకను కదలకుండా కూర్చోబెట్టడమే నాకు దొరికిన పని.

ముందు గాలికి అడ్డంగా తాటాకుల దడి కడతాం. దడి వెనక బాలబండి తీగ ముక్కలు నాటుతాం. అది పాకి ఇసుకను పట్టుకున్నాక సరుగుడు మొక్కలు పెడతాం. మొక్కలు పెంచే నీడపందిరి నర్సరీ. నాటినవాటిలో చచ్చిపోయిన మొక్క పేరు క్యాజువాల్టీ. దాన్ని పీకేసి అదే గుంతలో కొత్తది పెట్టాలి. ఆస్పత్రిలో ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఎండిన సరుగుడు మొక్కే కళ్ల ముందు నిలుస్తుంది.

మొదటి వేసవి దాటేదాకా ప్రతి మొక్కకూ కుండతో నీళ్లు పోయాలి. ఆ నీళ్లు దొరువు నుంచి తేవాలి. దొరువు అంటే బావి కాదు. దిబ్బల మధ్య పల్లంలో ఇసుకను గరాటా ఆకారంలో తోడుకుంటూ పోతే, సముద్రం అంత దగ్గర ఉన్నా, అడుగున తియ్యటి నీళ్లు ఊరుతాయి. ఒట్టి ఇసుక కనుక గోడ నిలవదు. వాలుగా దిగి, ముంచుకుని, వాలుగా ఎక్కాలి. ఈ పనిలో మా ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఎవరో మొదలుపెట్టిన దొరువు సగంలో కనిపిస్తే ఊరికే చూసి పోకూడదు. పక్కగా పోయే ప్రతి మనిషీ దిగి కాస్త ఇసుక తోడి పోవాలి. ఎవరు మొదలుపెట్టారని అడిగేది లేదు. నీళ్లు పడ్డాక అవి అందరివీ.

ఆ ఏడు, 1961లో, మాకు కూలి ఇచ్చే అటవీ శాఖ ఆఫీసువాళ్లకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. బాగా కుదురుకున్న దిబ్బ ఒకటి చూసి దాన్ని పార్కు చేయాలని. నెల్లూరు నుంచి పిల్లాపాపలతో వచ్చి, సరుగుడు నీడలో నడిచి, సముద్రాన్ని చూసి, కాసేపు కూర్చుని పోయే చోటు. ఈ మాట విని మస్తాన్‌బీ పడీ పడీ నవ్వింది.

“ఇసక చూసేదానికి బస్సెక్కి వస్తారంటనా మే? నా కొంగులో రోజూ సేరు ఇసక ఇంటికి పోతావుండాది. పిలిస్తే నేనే తీసకపోయి చూపించనా?”

మస్తాన్‌బీ మా గుంపులో అందరికంటే పెద్దది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కుండ మోతతోనే సాకుతోంది. ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి ఆమెదొక్కటే. నేను ఆమెను అక్కా అనేదాన్ని. నన్ను ఆడవాళ్ల గుంపుకు మేస్త్రిని చేసినప్పుడు అందరికంటే ముందు ఆమే, “ఇంకనించి నిన్ను పెంచలా అనాల్నా, పెంచలమ్మ గారూ అనాల్నా?” అని ఏడిపించింది.

దిబ్బ నెత్తిన మండపం లేచింది. దాని కప్పు బోర్లించిన పడవలా ఉండేది. గోడలు నిండుగా కాక, ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు వదిలి పేర్చినవి. ఇసుక మోసుకొచ్చే గాలి ఇటు దూరి అటు పోయేది కనుక లోపల కుప్ప పడేది కాదు. ఆ గోడ పక్కన నిలబడితే ఎవరో ఈల వేస్తున్నట్టుండేది. ఇక దారి పొడుగునా బొమ్మలు పెట్టాలన్నారు. అందుకని మద్రాసు నుంచి ఏకాంబరం గారనే శిల్పి వచ్చాడు. వెంకటాచలం స్టేషన్లో దిగి, సిమెంటు బస్తాల మీదే కూర్చుని ఎద్దుల బండిలో వచ్చాడు. దిగేసరికి ఆయనే ఒక సిమెంటు బొమ్మలా ఉన్నాడు. మేమంతా బొమ్మల సారు అనేవాళ్లం.

ఆయన ముందుగా ఒక తాబేలును చేశాడు. తరువాత ఇనప తీగతో రావణాసురుడి మీసాల బంతిని చేశాడు. రావణాసురుడి మీసాలు దిబ్బల మీద పెరిగే ముళ్ల గడ్డి. దాని విత్తనాల బంతులు ఎండాక గాలికి దొర్లుకుంటూ పోతాయి. అసలు బంతులన్నీ చుట్టూ పరుగులు తీస్తుంటే, ఆయన చేసిన బంతి ఒక్కటే బుద్ధిమంతుడిలా ఉన్నచోట కూర్చునేది. అన్నిటికంటే పెద్ద బొమ్మ, కుండ ఎత్తుకున్న ఆడమనిషి, ఇంకా మిగిలి ఉంది. హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చి ఆదివారం పార్కు తెరవాలి. ఆ బొమ్మ వాళ్ల చేత తెరిపించాలని రేంజర్ గారి కోరిక. ఆ చుట్టుపక్కల తోటలన్నిటికీ అధికారి ఆయన.

బొమ్మల సారు పని చేసే తీరు మాకు తెలియదు. పల్లంలో తడి ఇసుక చూసి గుంత తీశాడట. బొమ్మను ఆ గుంతలో, లోపలి వైపుగా, తిరగేసి చెక్కాడట. ముక్కు రావలసిన చోట చిన్న గుంత, కుండ రావలసిన చోట పెద్ద గుంత. దాన్ని మౌల్డ్ అంటారు. అందులో సిమెంటు పోసి, గట్టిపడ్డాక పైకి లేపితే బొమ్మ. చెక్కడం అయ్యాక, ఇసుక ఆరి రాలకుండా నీళ్లు చల్లి, పార అక్కడే వదిలి భోజనానికి మండపానికి పోయాడు.

సరిగ్గా ఆ వారమే మా పాత దొరువు ఉప్పుబారింది. ఉప్పు నీళ్లు పోస్తే మొక్క మాడిపోతుంది. మా వాళ్లు ఖాళీ కుండలతో కొత్త పల్లం వెతుక్కుంటూ అటు వెళ్లారు. వాలుగా తీసిన గుంత, అడుగున మరో గుంత, ఇసుకంతా తడి, పక్కన పార. అంతకంటే మంచి దొరువు ఎక్కడ ఉంటుంది? మస్తాన్‌బీ ముందుగా దిగింది. తరువాత మిగిలినవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగి, పద్ధతి ప్రకారం తలా కాస్త తోడారు.

నేను నర్సరీ నుంచి మొక్కల తట్టతో వచ్చేసరికి దొరువు నిండుగా నీళ్లు. ఒడ్డున బొమ్మల సారు ఇసుకలో చతికిలబడి ఉన్నాడు. రేంజర్ గారు నిలబడి అరుస్తున్నారు.

“ఎవరు తవ్వినారు దీన్ని?”

“మేమేనండీ” అన్నారు అందరూ.

“మొదలు ఎవరు దిగినారు?”

మస్తాన్‌బీ ముందుకు వచ్చింది. “నేనేనండీ. ఎవురో పుణ్యాత్ములు సగం తోడి పెట్టుండారు. మిగతాది మేం తోడినాం.”

“ఆ పుణ్యాత్ముడు ఈయనే! అందులో బొమ్మ చెక్కి ఉండింది!”

“బొమ్మా?” మస్తాన్‌బీ నిజంగానే ఆశ్చర్యపోయింది. “యాడుండాది సామీ బొమ్మ? ఒక గుంత, గుంతలో ఇంకో గుంత. నేను బాగా చూసినా.”

అప్పుడు బొమ్మల సారు తలెత్తాడు. “ఆ గుంతే బొమ్మమ్మా. సిమెంటు పోసి తిరగేస్తే ఆడమనిషి అయ్యేది.”

“తిరగేస్తేనా?” మస్తాన్‌బీ కాసేపు ఆలోచించింది. “తిరగేస్తే మా దొరువు గూడా దిబ్బే గదా సామీ.”

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. రేంజర్ గారికి ఒళ్లు మండింది.

“నవ్వులాటగా ఉందా? ఆదివారం పెద్దలొస్తే ఏం చూపించాలి, నీళ్ల గుంటా? ఇదిగో పెంచలమ్మా, ఈమె రేపటినుంచి పనికి రానక్కర్లేదు. మేస్త్రివి నువ్వు, చెప్పు ఆమెకు.”

మస్తాన్‌బీ ముఖంలో నవ్వు ఆరిపోయింది. చేతిలోని ఇసుక తోడే చేటను నెమ్మదిగా ఇసుక మీద పెట్టింది. కుండ ఎవరిదో వాళ్లకు ఇవ్వాలన్నట్టు చుట్టూ చూసింది. ఆ కుండ ఆమెదే.

“అయ్యా, ఆ పద్ధతి మా అందరిదీ” అన్నాను. “ఎవరు ముందు చూసినా దిగి తోడేవాళ్లే. నేనుంటే నేనూ దిగేదాన్నే. తీసేస్తే మమ్మల్నందరినీ తీసెయ్యాలి.”

“ఏం, బెదిరిస్తావా?”

“బెదిరించేదేముందయ్యా. జరిగిన మాట చెప్తావుండా.”

బొమ్మల సారు లేచి, ఎండకు గొంతు ఎండిపోయిందేమో, “కాసిన్ని నీళ్లు ఇస్తారా అమ్మా” అన్నాడు. ఆ గొడవలో మస్తాన్‌బీయే తాటాకు దొప్పతో ముంచి తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. మళ్లీ చెయ్యి చాపాడు. రెండోసారీ తాగాడు.

“తియ్యగా ఉన్నాయే! సముద్రం ఇక్కడే కదా!”

“ఎక్కడ, చూద్దాం” అన్నారు రేంజర్ గారు. నీళ్లు పడిన దొరువు ఆయనకూ కావాలి. మొక్కలు చస్తే ఆయన పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి కదా. బూట్లతోనే వాలులో అడుగు పెట్టారు. దొరువులోకి మడమ ఆనించి, ఒళ్లు వెనక్కి వాల్చి దిగాలి. ఆయన మెట్లు దిగినట్టు దిగారు. రెండో అడుగుకే కాళ్లు జారాయి. సగం దాకా జారిపోయి, తడి ఇసుకలో దబ్బుమని కూలబడ్డారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి మేం పడిన పాట్లు మాకే తెలుసు. ఒకామె కొంగు మొత్తం నోట్లో కుక్కుకుంది. మేం చెయ్యి అందించి ఆయన్ని పైకి తెచ్చాం. ఆయన కూర్చున్న చోట ఇసుకలో అచ్చు చక్కగా, రెండు పుచ్చకాయలు పక్కపక్కన పెట్టి తీసినట్టు పడింది.

బొమ్మల సారు ఆ అచ్చునే చూస్తూ నిలబడిపోయాడు. దాని చుట్టూ మా వాళ్లు దిగిన పాదాల గుర్తులు ఉన్నాయి. ఒక్కటీ జారలేదు. మడమ లోతుగా, వేళ్లు విప్పి, వరుసగా నీళ్ల దాకా పోయాయి. ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

“సార్, నాకు ఆడమనిషి బొమ్మ అక్కర్లేదు. ఇక్కడ మెట్లు కడతాను. మండపం పని దగ్గర మిగిలిన ఇటుకలున్నాయి, సిమెంటు ఉంది. తడి సిమెంటు మీద వీళ్ల చేత అడుగు వేయిస్తాను. కుండలు మోసే మనుషులు కనిపించరు, వాళ్ల పాదాలు నీళ్లలోకి దిగుతూ ఉంటాయి. అదే బొమ్మ.”

రేంజర్ గారు ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకుంటూ, “ఆదివారానికి అవుతుందా?” అన్నారు.

“అవుతుంది. కానీ వీళ్లు రోజూ దిగే వరుసలోనే దిగాలి. ఒకరు తగ్గితే మధ్యలో మెట్టు ఖాళీగా ఉంటుంది. అది ఎవరిదని పెద్దలు అడిగితే మీరే చెప్పాలి.”

బొమ్మల సారు దొరువులోకి మరోసారి చూసి, ముఖంలో నవ్వు జాడ లేకుండా అడిగాడు. “సార్, ఆ పెద్ద అచ్చు కూడా బాగా పడింది. దాంట్లోనూ సిమెంటు పోద్దామా?”

“వద్దు!” అన్నారు రేంజర్ గారు. ఆ కేక విని ఇక మా వల్ల కాలేదు, అందరం గొల్లుమన్నాం. ఆయన ముందు కళ్లురిమారు. తరువాత ఆయన మీసాలూ కదిలాయి. “సరే సరే. అందరూ రేపు వేళకు రండి. అందరూ అంటే అందరూ.” పోతూ పోతూ మస్తాన్‌బీతో, “ముందు దాన్ని చెరిపెయ్యవమ్మా” అన్నారు. ఆమె చేట తీసుకుని దిగి, ఎంత ఆనందంగా చెరిపిందో చెప్పలేను.

సిమెంటు కాలును కొరుకుతుందని బొమ్మల సారు మా పాదాలకు కొబ్బరినూనె రాయించాడు. రోజూ నీళ్లకు దిగే వరుసలో మేస్త్రి ఎప్పుడూ ఆఖరిది. నా ముందు మస్తాన్‌బీ ఉండేది, మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా దిగుతుంది కనుక. అలా పై మెట్టు నాది అయింది, రెండోది ఆమెది, మిగిలినవి మిగిలినవాళ్లవి. నీళ్ల కుండ చంకన పెట్టుకునే అడుగు వేశాం. ఖాళీ కుండతో వేస్తే మడమ లోతు రాదన్నాడు. మేం కాళ్లు కడుక్కోవడానికి పోయినప్పుడు ఆయన మేకుతో మా పేర్లు కూడా రాశాడట. “ఎవరి పాదానికి వాళ్ల పేరు” అని చెప్పాడు. మాలో చదివేవాళ్లు లేరు. తడి ఆరలేదని దూరం నుంచే చూసి బాగుందన్నాం.

ఆదివారం జనం వచ్చారు. సరుగుడు దారిలో నడిచారు, ఈల వేసే గోడ దగ్గర పిల్లలు చెవులు ఆనించారు, తాబేలు మీద కూర్చున్నారు. మెట్ల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డారు. ఒక పెద్దింటావిడ చెప్పులు విడిచి, రెండో మెట్టు మీది అచ్చులో పాదం పెట్టింది. పెట్టెలో అగ్గిపుల్లలా ఉంది.

“ఎవరిదమ్మా ఇంత పెద్ద పాదం?”

“నాదేనమ్మా” అంది మస్తాన్‌బీ. “ఇసకలో దిగబడకుండా దేవుడు పలకలు కట్టి పంపినాడు.”

ఆవిడ అంత పెద్ద మనిషీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. రేంజర్ గారు ఆ మెట్ల గురించి అందరికీ తన ఆలోచనే అన్నట్టు చెబుతుంటే మేం తల ఊపాం. పని నిలిచింది, ఆ మాత్రం ఊపడానికేం?

జనమంతా పోయాక నేనొక్కదాన్నే పై మెట్టు మీద నా అచ్చులో పాదం పెట్టి నిలబడ్డాను. నా వేళ్ల ముందు కొన్ని అక్షరాలు కనిపించాయి. నా పేరు ఇట్లా ఉంటుందా అనుకున్నాను. సరుగుడు పుల్లతో ఇసుకలో దాన్ని దిద్దాను. గాలి చెరిపేసింది, మళ్లీ దిద్దాను. అది అలవాటైపోయింది. దడి కట్టేటప్పుడు, నీళ్లు ఊరే దాకా కాచుకున్నప్పుడు, చుట్టూ ఎవరూ లేకుంటే రాసుకునేదాన్ని. ఆఫీసులో మాత్రం వేలిముద్రే. కాగితం మీద తప్పు పోతే గాలి చెరపదు కదా.

మా పల్లెలో వయోజన విద్య క్లాసు పెట్టింది 1968లో. టీచరమ్మ నా కూతురి వయసుది. మొదటి రోజు సాయంత్రం, “మీలో ఎవరికైనా ఏమైనా రాయడం వచ్చా?” అని అడిగింది. నేను ధైర్యంగా లేచి పలక మీద నా పేరు రాసి చూపించాను.

“అబ్బ, ఎంత గుండ్రంగా రాశారు!” అంది. “కూర్చోండి మస్తాన్‌బీ గారూ.”

క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. “అయ్యో, నేను పెంచలమ్మనమ్మా” అన్నాను. టీచరమ్మ పలకను మళ్లీ చూసింది, నన్ను చూసింది. “ఇది మస్తాన్‌బీ అనే ఉందండీ.”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పేరు మనిషికి ముందు ఉంటుందనుకున్నాను నేను. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎదురుగా ఉంటారు కదా. బొమ్మల సారు మడమ వెనక రాశాడు. నా వేళ్ల ముందున్నది మస్తాన్‌బీ మడమ వెనక పేరు. ఏడేళ్లుగా నేను రాస్తున్నది ఆమెను. ఆ సాయంత్రం టీచరమ్మ నా అసలు పేరు పలక మీద రాసి ఇచ్చింది.

మరునాడు పొద్దున్నే పలక చంకన పెట్టుకుని మస్తాన్‌బీ ఇంటికి పోయాను. మోకాళ్లు మరీ పట్టేయడంతో అప్పటికి ఆమె కుండలు మోయడం మాని, ఇంటి దగ్గరే తాటాకు దొప్పలు కుడుతోంది. సంగతంతా చెప్పాను.

“అయితే నా పేరు ఇన్నాళ్లూ నువ్వు వాడుకుంటివా?” అంది. “అరిగిపోలేదు గదా?”

“లేదక్కా, బాగానే ఉండాది. దా, పోయి చూద్దాం.”

“పేరుతో నాకేం పని మే? కాలు నాది, ఆ కాలు నాకు తెలుసు” అంటూనే లేచి, నా భుజం పట్టుకుంది.

దిబ్బ మీద అప్పటికి చెట్లు మండపం కప్పును దాటాయి. దొరువు దగ్గర, పై మెట్టు వెనక భాగం ఎప్పటిలా ఇసుక కిందే ఉంది. దిబ్బ నుంచి రాలే ఇసుక మొదట పడేది అక్కడే. అక్కడ ఒక వరుస ఉందని నాకెన్నడూ తెలియదు. ఇద్దరం కూర్చుని చేతులతో తోడాం. అక్షరాలు బయటపడ్డాయి. పలకను పక్కన పెట్టి ఒక్కొక్కటే పోల్చి చూశాను. అన్నీ కలిశాయి.

“ఇదేనా నీ పేరు?” మస్తాన్‌బీ వంగి చూసింది. “ఇసక కింద పెట్నందుకేమో, కొత్తదిమాదిరి ఉండాది. మరి నాది?”

నేను మెట్ల వైపు వీపు పెట్టి తిరిగాను. ఇసుకను అరచేత్తో చదును చేసి, సరుగుడు పుల్ల విరిచి, సిమెంటు వైపు చూడకుండా రాశాను.

మస్తాన్‌బీ ఇసుకను చూసింది. రెండో మెట్టు మీది రాతను చూసింది. మళ్లీ ఇసుకను చూసింది.

“అచ్చం అట్లనే ఉండాదే” అని, నా చేతిలోని పుల్ల తీసుకుంది.